వాకిటి యలంకారము

ఒకసారి నిలిచిపోయిన పత్రిక మరల వెలువడునప్పుడు దానికి రెండు బాధ్యతలు గలవు: పాత పాఠకులను స్మరించుట, క్రొత్తవారిని పిలుచుట. 1960లో విజయవాడలో పుట్టిన ఆంధ్రజ్యోతి కొంతకాలము ఆగి, 2002లో పాత పేరుతోనే తిరిగి వెలువడినది. అందు వివేకము గలదు. పాఠకుల జ్ఞాపకమును మించిన మూలధనము పత్రికకు లేదు.

ఆ మధ్య మా ఖమ్మము ప్రాంతమున నొక చిన్నపత్రిక పునఃప్రారంభోత్సవమునకు సభాలంకరణ విషయమున నా సలహా నడిగిరి. పేరు వ్రాయవలసిన యక్షరముల తీరు, వేదిక యెత్తు, ఆసనముల వరుసలు అన్నియు ముందే కాగితముపై గీయబడి యుండెను. భద్రాచలపు టడవికి గుర్తుగా వాకిట వెదురు తోరణము. దాని క్రింద నతిథులకు స్వాగతము పలుకుటకు కొమ్ముకోయ నర్తకులు.

“మాస్టారూ, మన పత్రికకు ఇదే గుర్తు” అని చిత్రకారుడు సంతోషముతో పలికెను.

నేను పటమంతయు వెదకితిని. నర్తకులకు వాకిట స్థానమున్నది. లోపల నొక్క యాసనమైనను లేదు. అచటనే నిలిచియున్న బృందపు పెద్ద మెల్లగా నడిగెను: “ఆట అయినంక మేమెక్కడ కూసోవాలె, సారూ?” ఎవ్వరును బదులు చెప్పరైరి.

కొమ్ముల తలపాగా కోయలకు పండుగనాటి సంబరము. దానిని మనము పూలకుండీవలె గుమ్మమునకు దెచ్చుకొనుట న్యాయమా? 2006 నాటి అటవీహక్కుల చట్టము వచ్చిన పిదపను పోడు పట్టాలకై వారు కచేరీల చుట్టు తిరిగిన కథకు మన పత్రికలలో నెంత చోటు దొరకినది?

1926లో వెలసిన గోలకొండ పత్రిక మనకు మార్గము చూపినది. తెలంగాణమున కవులు లేరను మాటకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో సంచిక ప్రకటించి బదులిచ్చిరి. ఎవరి పేరు చెప్పుకొని పత్రిక నిలిచినదో, వారికి లోపల పీట వేసిరి.

నేను కోరినవి రెండే: ముందు వరుసలో నర్తకులకు ఆసనములు, ప్రతి సంచికలో కోయమాటకు, తెలుగు లిపిలోనే, ఒక పుట. ఆసనములు వేసిరి. పుటకు మాత్రము చోటు చాలదనిరి.

పాఠక సోదరీసోదరులారా, మీ యింటికి వచ్చు పత్రికను ఈ దృష్టితో నొకమారు తిరుగవేయుడు. వాకిట నాడువారు లోపల మాటలాడుచున్నారా? లేనిచో సంపాదకునికి నాలుగు పంక్తుల యుత్తరము వ్రాయుడు. చందాదారుని మాటకు చోటు దొరకకపోదు.