మామ్మ సంచిలో నీళ్ల సీసా

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేం అన్నదమ్ములమే. మొన్న ఎండల్లో మామ్మ కొండ దిగి, మమ్మల్ని చూడ్డానికి పాయకరావుపేట వచ్చింది. బస్సు దిగగానే తూలిపోయింది. మా పేర్లు కూడా తారుమారు చేసింది. ముసలితనం అనుకున్నాం. ఆసుపత్రిలో ఒంట్లో నీరు తగ్గిందన్నారు. సంచిలో సీసా నిండుగా అలాగే ఉంది.

"తాగితే దారిలో ఒంటికొస్తది, ఎక్కడికెల్తాన్రా?" అంది. మాకు నోట మాట రాలేదు.

వయసు మీదపడితే దాహం సరిగా తెలీదు. మూత్రపిండాలూ నీటిని మునుపటిలా పట్టి ఉంచలేవు. అందుకే "దాహమేస్తోందా?" అని అడగడం మానేశాం. నీళ్లో, మజ్జిగో, చోడి అంబలో గ్లాసు చేతికే ఇస్తున్నాం. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి ఎంత ఇవ్వాలో డాక్టర్ని అడగండి.

తిరుగు ప్రయాణంలో మేమూ వెంట వెళ్లాం. బస్సు ఆగినచోటల్లా ముందు మరుగుదొడ్డి వెతికాం. మామ్మ సీసా ఖాళీ చేసింది.