పొడుగింటికి ఒక గది

బరంపురం వచ్చిన చుట్టాలు బుఢీ ఠాకురాణి గుడి చూస్తారు, పట్టుచీర కొంటారు, గోపాలపూర్ వెళ్లి సముద్రంలో కాళ్లు తడుపుకుంటారు. పాత ఊళ్లోని ఇళ్లను నిలబడి చూసేవాళ్లు తక్కువ. చూడదగ్గవి అవే అని నా అభిప్రాయం.

వీధిలోంచి చూస్తే పన్నెండు, పదమూడు అడుగుల వెడల్పు. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. లోపలికి వెళ్తే మాత్రం రైలుపెట్టెల్లా గది వెనక గది. ముందు అరుగు, తర్వాత చావిడి, హాలు, మధ్యగది, పైకప్పు లేని వాకిలి, వంటిల్లు, పెరడు. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వెళ్లినా ఇదే వరస. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఒరిస్సాలో చేరింది. సరిహద్దు మారింది గాని ఇళ్ల పోలిక మారలేదు.

మా ఇల్లూ అలాంటిదే. వెడల్పు 13 అడుగులు, పొడవు 96. మా అమ్మకు 81 ఏళ్లు. మధ్యగదిలో పడుకుంటుంది. రాత్రి రెండుమూడు సార్లు లేవాలి. స్నానాలగది, దొడ్డి పెరటి చివర ఉన్నాయి. అంటే దాదాపు 50 అడుగుల నడక, అందులో ముప్పాతిక వంతు ఆకాశం కింద. వానాకాలంలో ఆ గచ్చు మీద ఆవిడ అడుగు వేస్తుంటే మా ఆవిడకు నిద్ర పట్టదు. పైగా మా అబ్బాయి భార్యాబిడ్డలతో ఈ ఊరికే బదిలీ మీద వస్తున్నాడు. కాబట్టి ఒక గది కావాలి, అమ్మకు దగ్గరగా ఒక స్నానాలగది కావాలి. చేతిలో 3 లక్షలు, అప్పు 4 లక్షలు. ఏడు దాటకూడదు. ఏడాదిన్నరలో రిటైరయ్యేవాడు అంతకు మించి అప్పు మోయకూడదని ఖాతాదారులకు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి, నాకు నేనూ అదే చెప్పుకున్నాను.

సలహాలకు లోటు లేదు. వాకిలి మీద స్లాబు వేసేస్తే 14 అడుగుల గది చవగ్గా వస్తుందన్నాడు కాంట్రాక్టరు. మేడ వేద్దామన్నాడు మా అబ్బాయి. పెరట్లో అమ్మకు గది కట్టి దొడ్డిని దానికే కలిపేస్తే సరిపోతుందన్నాడు మా తమ్ముడు.

లెక్క వేసే ముందు రెండు ఆదివారాలు పాత వీధులన్నీ తిరిగాను. ఇల్లు పెంచుకున్న తెలిసినవాళ్లను అడిగి లోపలికి వెళ్లి చూశాను. వాకిలి మూసేసిన ఇళ్లలో మధ్యాహ్నం పన్నెండింటికి లైటు వెలుగుతోంది. గోడలకు చెమ్మ, వంటింటి పొగ హాల్లోకి. ఇరుపక్కలా కిటికీ పెట్టుకునే వీలు లేని ఇంటికి గాలీ వెలుతురూ వచ్చే దారి ఆ వాకిలి ఒక్కటే. వాస్తు చెప్పేవాళ్లు దాన్ని బ్రహ్మస్థానమంటారు, ఇంజనీర్లు వెంటిలేషనంటారు. ఇద్దరూ ఏకీభవించే విషయాలు అరుదు గనక నేనూ ఒప్పుకున్నాను.

మేడ సంగతీ చూశాను. మా గోడలు మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు. వాటి మీద స్లాబు బరువు పెట్టకూడదు. పునాది నుంచి వేరే స్తంభాలు లేపాలి. మెట్లతో సహా అంచనా 10 లక్షలు దాటింది. రేకుల కప్పు వేస్తే చవకే. కానీ 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు రేకులు కాగితాల్లా ఎగిరిపోవడం ఈ ఊరివాళ్లు మరిచిపోలేదు.

ఇక మిగిలింది తమ్ముడి సలహా. దానికి అమ్మను అడగాలి కదా. అడిగాను.

"నన్ను పెరట్లోకి పంపేస్తావేటిరా? వీధరుగు మీద కూర్చోకపోతే నాకు పొద్దెలా పోతుంది?" అంది.

ఆ ఒక్క మాటతో ప్లాను తిరగబడింది. అమ్మను స్నానాలగది దగ్గరికి తీసుకెళ్లే బదులు స్నానాలగదినే అమ్మ దగ్గరికి తీసుకురావాలి. వాకిట్లో మధ్యగదిని ఆనుకుని ఒక మూల 5 అడుగులు, 8 అడుగుల స్నానాలగది. మిగతా వాకిలి ఆకాశానికే. పెరట్లో కట్టే గదిలోకి నేనూ మా ఆవిడా వెళ్తాం. హాలు అబ్బాయి కుటుంబానికి. అమ్మ మంచం కదలదు.

పక్కింటాయన ఒడియా పెద్దమనిషి. మేం మౌసా అని పిలుస్తాం. ఉమ్మడి గోడ కాబట్టి ప్లాను ముందు ఆయనకే చూపించాను.

"ఆ గోడ మీ తాతగారూ మా నాన్నగారూ కలిసి కట్టించారు బాబూ. దాని మీద దూలం పెట్టకు. నీ స్తంభాలు నీవైపు వేసుకో, వాన నీళ్లు నీవైపే దించుకో. అంతే నేనడిగేది" అన్నారు.

అదే మాట రెండు వాక్యాలు కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. స్నేహం మన తరానిది, గోడ తర్వాతి తరాలది.

చివరికి తేలిన లెక్క ఇది. పెరటి గది గోడలతో కలిపి 150 చదరపు అడుగులు, అడుగుకు 2,200 చొప్పున 3,30,000. పైపులు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు, జారని టైల్సుతో స్నానాలగది 1,40,000. వాకిలి ఒక పక్కన తడవకుండా నడిచే వసారా 80,000. కరెంటు, నీళ్లు 50,000. మొత్తం 6 లక్షలు. అందులో పదోవంతు, 60,000, అనుకోని ఖర్చుకు. ప్లాను మంజూరుకు, ఇంజనీరుకు 40,000. పాత టేకు తలుపులే మళ్లీ వాడుతున్నాం.

రెండు సంగతులు లెక్కలో కనిపించవు. వంటింటికీ కొత్త గదికీ మధ్య 4 అడుగుల ఖాళీ వదిలాం, లేకపోతే వంటింటి కిటికీ మూసుకుపోతుంది. స్నానాలగది పైపు వంటింటి కింద నుంచి పెరటి సెప్టిక్ ట్యాంకుకు చేరాలి. 40 అడుగులకు 8 అంగుళాల వాలు ఉండాలని ఇంజనీరు లెక్కగట్టాడు. గచ్చు వేశాక వాలు సరిచేయడం ఎవరి తరమూ కాదు, అందుకే పని దానితోనే మొదలు.

దసరా వెళ్లాక, వానలు తగ్గాక ముహూర్తం. కాంట్రాక్టరుకు డబ్బు తేదీల ప్రకారం కాదు, పునాదికి ఇంత, గోడలకు ఇంత, స్లాబుకు ఇంత అని పని అయిన మేరకే. బ్యాంకు అప్పు కూడా అలా విడతలుగానే వస్తుంది గనక రెండూ జత కుదిరాయి.

ఛత్రపురంలోనో, పర్లాకిమిడిలోనో ఇలాంటి పొడుగిళ్లలో ఉండి గది వేసుకోవాలనుకునే మన వాళ్లు ఎందరో. వారికి ఒక్కటే మనవి. ఇంజనీరు దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కడ కూర్చుంటే పొద్దుపోతుందో అడగండి. తర్వాత పక్కింటివారిని అడగండి. ఆ రెండింటికీ పైసా ఖర్చు లేదు. వాకిట్లోని ఆకాశాన్ని మాత్రం అమ్ముకోకండి. మళ్లీ కొనాలంటే ఏ బ్యాంకూ అప్పివ్వదు.