బెల్టు పట్టుకున్న తర్వాత

పలమనేరులో పాత హైవేకి ఆనుకున్న వీధిలో ఒక ఇల్లు లేస్తోంది. మూడు స్లాబులు పడ్డాయి. ముందువైపు సరుగుడు కట్టెలు నిలబెట్టి, కొబ్బరితాళ్ళతో బిగించి సారవ కట్టారు. నేను వెళ్ళిన పూట పూతపని ఆపేసి కూలీలంతా కింద గుమిగూడి పైకి చూస్తున్నారు. రెండో అంతస్తు దూలానికి ఒక మనిషి వేలాడుతున్నాడు. మనిషంటే ఇసుక నింపిన గోతాలు. వాటికి చొక్కా, ప్యాంటు తొడిగి, ఛాతీకీ తొడలకీ పట్టీలున్న పూర్తి బెల్టు బిగించారు. బరువు డెబ్బై కిలోలు.

ఈ ఏర్పాటంతా మేస్త్రి అక్క కొడుకుది. బెంగళూరులో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల పనిలో సేఫ్టీ విభాగంలో ఉన్నాడు. సెలవుకు వచ్చి, మేనమామ దగ్గర పనిచేసేవాళ్ళకు ఒక పూట నేర్పిస్తానన్నాడు.

"మామా, వీడు జారినాడు. బెల్టు పట్టుకునింది. ఇప్పుడేం చేస్తావు?"

"ఏం చేసేది అల్లుడా, బతికినాడు కదా."

"ఇంగా బతకలేదు మామా. దించితేనే బతికినట్టు."

నన్ను అక్కడ పట్టి నిలిపింది ఆ మాటే. ఎత్తులో పనిచేసేవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు అందరం బెల్టు దగ్గరే ఆగిపోతాం. బెల్టు పట్టుకున్న మనిషి కదలకుండా నిటారుగా వేలాడితే ఏమవుతుందో ఆ కుర్రవాడు తన పిక్క చూపించి చెప్పాడు. నడిచేటప్పుడు కాలి కండరాలు బోరింగు పంపులా రక్తాన్ని పైకి తోస్తుంటాయి. తెలివితప్పో, దెబ్బతగిలో కాళ్ళు ఆడించలేకపోతే రక్తం కాళ్ళలోనే నిలుస్తుంది, గుండెకు, మెదడుకు చేరేది తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ప్రయోగం కోసం వేలాడదీసినప్పుడు కూడా కొందరికి పది నిమిషాల లోపే కళ్ళు తిరిగాయి. తల ముందుకు వాలిపోతే ఊపిరి దారి కూడా మూసుకుంటుంది. తెలివి ఉన్నవాడైతే కాళ్ళు ఆడిస్తూ ఉండాలి, గోడకో కట్టెకో తన్నిపెట్టాలి, తాడుతో ఉచ్చు వేసుకుని అందులో పాదం ఆనించి లేచి నిలబడాలి.

దించాక ఏం చేయాలన్నదానిపై చాలాకాలం ఒక తప్పు సలహా నడిచింది. వెంటనే పడుకోబెట్టకూడదు, పడుకోబెడితే ఆగిన రక్తం ఒక్కసారిగా గుండె మీద పడి చనిపోతాడు, కాబట్టి అరగంట కూర్చోబెట్టాలి అని. బ్రిటన్ ప్రభుత్వ భద్రతా సంస్థ 2009లో ప్రచురించిన సమీక్ష దీనికి ఆధారం లేదని తేల్చింది. స్పృహలేని మనిషిని కూర్చోబెడితేనే ప్రమాదం. పడుకోబెట్టి, ఊపిరి చూడటమే సరైన పని. బెంగళూరులో ఆ కుర్రవాడికి మొదట నేర్పింది పాత సలహానేనట. పడుకోబెట్టాలన్న మాట మాత్రం అతను కూలీలతో మళ్ళీ మళ్ళీ చెప్పించాడు.

ఇక దించడం. పైన రెండో తాడు, కప్పీ కట్టాలి. పొడవాటి గడకు కొక్కెం పెట్టి బెల్టు వెనక ఉన్న రింగుకు తగిలించాలి. కాస్త పైకి లాగి మొదటి తాడు మీద బరువు తప్పించి, విప్పి, మెల్లగా వదలాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి దిగితే కప్పీ ఎక్కడ కట్టాలో తెలియక మొదటిసారి ఇరవై నిమిషాలు దాటిపోయింది. రెండోసారి ఆరేడు నిమిషాలలో దించారు. తేడా బలంలో లేదు, కప్పీ కట్టే చోటు ముందే తెలియడంలో ఉంది. మనిషి పైకెక్కక ముందే అతణ్ణి దించే దారి సిద్ధం కావాలన్నది నాకు అక్కడే పూర్తిగా బోధపడింది.

బెల్టు లెక్క కూడా చెప్పాలి. మామూలు తాడు 1.8 మీటర్లు. కుదుపు తట్టుకునే మడత విచ్చుకుంటే దాదాపు మరో 1.75 మీటర్లు. దానికి మనిషి పొడవు, ఒక మీటరు జాగా కలిపితే కాళ్ళ దగ్గర తాడు కట్టుకున్నవాడికి కింద ఆరు మీటర్ల ఖాళీ కావాలి. మొదటి స్లాబు ఎత్తు మూడు మీటర్లే. అంటే తాడు బిగుసుకోక ముందే నేల తగులుతుంది. తాడు తలపైన కట్టాలి, పొట్టిగా కట్టాలి. మూడు మీటర్ల నుంచి పడితే ఒక సెకను కూడా పట్టదు, నేల తగిలే వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు.

ఊళ్ళో పనిచేసేవాళ్ళలో ఎక్కువమందికి అసలు బెల్టే లేదు. హోస్కోటె నుంచి శ్రీపెరంబుదూరు దాకా ఎక్స్‌ప్రెస్‌వేకి 2022లో శంకుస్థాపన జరిగింది. అది పలమనేరు మీదుగా వెళ్తోంది. దాని స్తంభాల మీద పనిచేసేవాళ్ళకు బెల్టులుండటం వీళ్ళంతా చూశారు. వీధుల్లోని ఇళ్ళకు అవి రాలేదు. చట్టం కూడా రాలేదు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం పదిమందికి తక్కువ పనిచేసే చోటునీ, సొంతానికి కట్టుకునే 10 లక్షల లోపు ఇంటినీ వదిలేసింది. 2020లో చేసిన కార్మిక భద్రతా కోడ్ ఆ 10 లక్షల హద్దును 50 లక్షలు చేసింది. పలమనేరు లాంటి ఊళ్ళో కూలీ ఎక్కే సారవల్లో ఎన్నో ఆ హద్దు లోపలివే. ధరలు పెరిగాయని హద్దు పెంచారనుకున్నా, పడేవాడి ఎముకకు ఇంటి ఖరీదుతో పనేముంది? ఇది దిద్దాల్సిన తప్పేనని నా నమ్మకం.

బెల్టు లేకుండా పడినవాణ్ణి ఏం చేస్తారని అడిగాను.

"ఏముంది సార్, ఒకరు చేతులు, ఒకరు కాళ్ళు పట్టుకోని ఎత్తి ఆటోలో ఏస్తాం. నీళ్ళు తాపిస్తాం," అన్నాడు ఒక సెంట్రింగు పనివాడు.

ప్రేమతో, కంగారుతో చేసేదే అది. కానీ వెన్నెముక విరిగినవాణ్ణి అలా మడిస్తే అప్పటిదాకా దెబ్బతినని వెన్నుపాము కూడా నలిగిపోవచ్చు. కాళ్ళ మీద పడి, "నాకేం కాలేదన్నా" అని లేచి నిలబడేవాడి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మడమ ఎముక విరిగినవాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరికి నడుము దగ్గర వెన్నెముక కూడా చిట్లి ఉంటుంది.

కాబట్టి మిగతా పూటంతా నేలమీద సాధన. ఒకడు పడుకున్నాడు. ఒకరు తల దగ్గర మోకరిల్లి రెండు చేతులతో తల కదలకుండా పట్టుకున్నారు. ముగ్గురు ఒకవైపు భుజం, నడుము, మోకాలు పట్టారు. తల పట్టుకున్నవాడు "ఊఁ" అంటేనే అందరూ కలిసి తిప్పాలి. అయిదో మనిషి వెనక నుంచి సెంట్రింగు ప్లైవుడ్ షీటు తోశాడు. స్ట్రెచర్ లేకపోతే అదే స్ట్రెచర్. అయితే ఊపిరి ఆడుతూ, పైనుంచి ఇంకేదీ పడే భయం లేకపోతే, కదిలించకుండా 108 కోసం ఆగడమే మేలు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ బండిలో తల, మెడ కదలకుండా కట్టే సరంజామా ఉంటుంది. ఆటోలో ఉండదు.

పలమనేరులో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. వెన్నెముక ఆపరేషన్ కావాలంటే తిరుపతి, కుప్పం, కోలారు, వెల్లూరు. ఎటు పోయినా గంటకు పైమాటే. చిత్తూరు వైపైతే మొగిలి ఘాట్ మలుపులు కూడా దాటాలి. వెల్లూరు దగ్గర బాగాయంలో సీఎంసీ ఆస్పత్రి వారి పునరావాస కేంద్రం 1966 నుంచి నడుస్తోంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయాక, చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసిన మనిషి. చచ్చుబడిన కాళ్ళతో బతకడం ఎలాగో అక్కడ నేర్పుతారు. మొదటి పది నిమిషాల్లో సరిగ్గా ఎత్తగలిగితే కొందరికైనా అక్కడిదాకా వెళ్ళే అవసరమే రాదు. ఆ పది నిమిషాల్లో దగ్గరుండేది డాక్టరు కాదు, పక్కన తాపీ పట్టుకున్నవాడే. నేర్పాల్సింది ముందు వాడికి.

మేస్త్రికి ఒక చిక్కు మిగిలింది. "నేర్చుకునే పూటకు కూలీ ఎవరిస్తారు అల్లుడా?" ఇంటామె పక్కనే ఉండి విన్నది. ఆ రోజు కూలీ కోయొద్దనింది. రెండో తాడు, కప్పీ ఖర్చు సిమెంటు ఖర్చులో రాసుకోమనింది.

అందరూ లేవబోతుంటే మాల్ మోసే ఒకామె అడిగింది: "పైన యాలాడేవాడు సరే, లిఫ్టు గుంతలో పడినోణ్ణి యాడ నించి తీస్తారు? దాంట్లో నలుగురు పట్టరు కదా." కుర్రవాడు టేపు తీసుకుని గుంత వెడల్పు కొలవడానికి వెళ్ళాడు. కూలీలంతా అతని వెనకే వెళ్ళారు.