జీర్ణోద్ధారణ



మా తండ్రిగారి అంబాసిడర్ కారు 1998 నాటిది. ఉత్తర్‌పారాలో దాని ఉత్పత్తి 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఏ భాగం కావాలన్నా అన్వేషణే.

కొంతకాలంగా ముందద్దం అంచులు పాలవలె తెల్లబడ్డాయి. నిత్యం తుడిచేవాణ్ణి, పోలేదు. నల్లగొండలో మెకానిక్ చూసి, "అయ్యగారూ, మసక పైన లేదు, నడిమిట్ల ఉన్నది" అన్నాడు. అది ఒకే గాజు కాదు. రెండు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర. చుట్టూ రబ్బరు ఎండి పగిలితే తేమ ప్రవేశించి ఆ పొర గాజును విడుస్తుంది. భగవద్గీత మూడవ అధ్యాయంలోని మలినదర్పణ దృష్టాంతాన్ని ఎన్నోమార్లు ప్రవచించాను. తుడిస్తే పోని మాలిన్యం మాత్రం నా స్ఫురణకు రాలేదు.

అయినా మార్చడానికి మనస్సు అంగీకరించలేదు. ఆ గాజుకు నాన్నగారు స్వహస్తంతో అంటించిన యాదగిరి నరసింహస్వామి పటం ఉంది.

ఒక రాత్రి దేవరకొండ మార్గంలో ఎదుటి లారీ దీపకాంతి పడగానే అద్దమంతా శ్వేతమయమైంది. బ్రేకు తొక్కాను. కాంతి తొలగాక చూస్తే మూరెడు దూరంలో గొర్రెలమంద, దాని ముందు కర్ర పట్టిన బాలుడు.

యాదగిరిగుట్టలో స్వయంభూమూర్తిని కదల్చకుండా చుట్టూ ఆలయాన్ని పునర్నిర్మించి 2022 మార్చి 28న మహాకుంభసంప్రోక్షణ చేశారు. జీర్ణబింబంలోని కళను కుంభంలోకి ఆకర్షించే విధిని శిష్యులకు బోధించిన నేను ఒక గాజుపలక ముందు తడబడ్డాను.

వారం తరువాత కొత్త అద్దం దొరికింది. రబ్బరు గాడిలో తాడు చుట్టి, సబ్బునీరు రాసి, లోపలినుండి తాడు లాగుతూ కూర్చోబెట్టాడు. జీర్ణబింబాన్ని జలంలో విడవడం విధి కదా, పాత గాజును కృష్ణలో విడుద్దామా అనుకున్నాను. స్నానమాచరించేవారి పాదాలు గుర్తొచ్చాయి. పటంతో సహా అది మా గోశాల గోడకు ఆనించి ఉంది.