మా ఇంటి గొడవ

మా ఇంట్లో గొడవ మొదలైతే అమ్మీ ముందు లేచి కిటికీ మూసేది. ఆ తర్వాతే "హాఁ, అబ్ బోలో" అనేది.

షేక్‌పేటలో మాది రెండు గదుల రేకుల ఇల్లు. ఎదురింటి అవ్వ కొడుకు తాగొచ్చి అరిస్తే వాళ్ళు కిటికీ మూసేవాళ్ళు కాదు. గల్లీ అంతా పోయి సర్దిచెప్పి వచ్చేది. అందరికంటే ముందు మా అబ్బాయే పోయేవాడు, అంటే మా నాయన. మరి మా ఇంటి కిటికీ ఎందుకు మూయాలి? చిన్నప్పుడు అడిగాను. "ఉనో హస్తే బేటా. సాయిబుల ఇండ్లు గిట్లనే ఉంటయంటరు" అంది అమ్మీ.

ఎదురింటి కొడుకు అరిస్తే వాడొక తాగుబోతు. మా అబ్బా అరిస్తే సాయిబు. ఈ తేడా అమ్మీకి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ గల్లీలో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి తెలుసుకుంది.

అబ్బా దర్జీ. సినిమా దర్జీ. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలుపెట్టాడు. కృష్ణ పద్మాలయా కట్టాడు, రామానాయుడు తన స్టూడియో కట్టాడు. మద్రాసులో ఉన్న తెలుగు సినిమా మెల్లమెల్లగా ఈ రాళ్ళ గుట్టల మీదికి వచ్చి కూర్చుంది. మేడలొచ్చాయి, ఫిల్మ్ ఛాంబరొచ్చింది. వాటి వెనకే లైట్‌బాయ్‌లు, కార్పెంటర్లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, దర్జీలు ఉండే బస్తీలూ వచ్చాయి. జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ అని ఎంత కొత్త పేర్లు పెట్టుకున్నా సర్కారు కాగితాల్లో అది షేక్‌పేట మండలమే. కింద కుతుబ్‌షాహీల కాలం నాటి సరాయి, పైన స్టూడియోలు. ఆ రెంటి మధ్య చడావు మీద అబ్బా రోజూ సైకిల్ నెట్టుకుంటూ ఎక్కేవాడు.

జమీందారు కోట్లు కుట్టాడు, రాజుల అంగరఖాలు కుట్టాడు, పాటల్లో గుంపుగా ఆడే పిల్లల లంగాలు కుట్టాడు. "సాయిబు వేషం" అని ఆర్డరొస్తే మాత్రం వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. దానికొక లెక్క ఉండేది. గళ్ళ లుంగీ, నల్ల లాల్చీ, జాలీ టోపీ, మెడలో తాయెత్తు. ఆ బట్టలు తొడుక్కున్నవాడికి రెండే పనులు. 'నమ్కీ, నిమ్కీ' అని వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించాలి, లేకపోతే బాంబు పెట్టాలి. ఆ బట్టలు కుట్టిన మా అబ్బా మాత్రం ఎదురింటి అవ్వ మాట్లాడే తెలుగే మాట్లాడేవాడు.

నేను బి.ఏ. చదివి తెలుగు పత్రికలో చేరాను. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు. 2003లో సినిమా పేజీకి ఆ సాయిబు వేషం మీద ఒక వ్యాసం రాశాను. లుంగీ నుంచి తాయెత్తు దాకా ఒక్కటీ వదలకుండా రాశాను. చివర్లో, ఈ బట్టలు కుట్టే చేతులకైనా సిగ్గుండాలని ఒక మాట పెట్టాను. అవి ఎవరి చేతులో నాకు తెలుసు. తెలిసే రాశాను. మంచి వ్యాసమని ఆఫీసులో అందరూ చేతులు కలిపారు.

వారం తిరగకముందే ఒక ప్రొడక్షన్ మేనేజరు అబ్బాను పిలిచి "రాసింది మీవాడేనటగా" అన్నాడు. పని వేరే దర్జీకి పోయింది.

ఆ రాత్రి అమ్మీ కిటికీ మూసింది. అబ్బా అరవలేదు. "వాళ్ళు శభాష్ అనాలని నన్ను కోసినవు బేటా" అన్నాడు. నేను ఊరుకోవాల్సింది. "మీరు కౌమ్‌కి కఫన్ కుడుతున్నారు" అన్నాను. మర్నాడే యూసుఫ్‌గూడలో గది తీసుకున్నాను. ఆరేళ్ళు మా మధ్య మాటల్లేవు. నా నికాకు వచ్చి, బిర్యానీ ముట్టకుండా వెళ్ళిపోయాడు. నాకు కూతురు పుట్టినప్పుడు అమ్మీ చేతికి వెండి పట్టీలిచ్చి పంపాడు, తాను రాలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ రాత్రి ఆ గదిలో ఉన్నది మేం తండ్రీకొడుకులం మాత్రమే కాదనిపిస్తుంది. కిటికీ మూసినా బయటి మనిషి లోపలే ఉన్నాడు. అబ్బా అతని ముందు కూటి కోసం తలొంచాడు. నేను అతని మెప్పు కోసం అబ్బా తల వంచాను. ఏ ఇంట్లోనైనా తండ్రీకొడుకులు కొట్లాడుకుంటారు. మా ఇళ్ళల్లో మాత్రం అతనికి కుర్చీ వేసి మరీ కొట్లాడుకుంటాం.

ఆ కుర్చీ ఎంత పెద్దదో 1985లో దేశమంతా చూసింది. ఇందోర్‌లో ఒక వకీలు ముసలితనంలో భార్యను వదిలేశాడు. ఐదుగురు బిడ్డల తల్లి షా బానో మనోవర్తి కోసం కోర్టుకు పోయింది. ఇవ్వాలంది సుప్రీంకోర్టు. న్యాయమైన మాటే. కానీ ఆ రోజు నుంచి ఆ ఇంటి గొడవ ఆ ఇంటిది కాకుండా పోయింది. మజ్‌హబ్ మునిగిపోయిందని ఒక గుంపు, ముసల్మానుల ఇళ్ళన్నీ ఇంతేనని ఇంకో గుంపు. ఆ ఒత్తిడిలో ఆ ముసలామె తాను గెలిచిన తీర్పునే వద్దనాల్సి వచ్చింది. 1986లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. తల్లికీ తండ్రికీ మధ్య ఆ ఐదుగురు బిడ్డలు ఏమయ్యారన్నది ఆ రెండు గుంపులకూ పట్టలేదు. మా అమ్మీ లాంటి వాళ్ళు మాత్రం కిటికీలు ఇంకా గట్టిగా మూసుకున్నారు.

2024 డిసెంబరులో ఒక పెద్ద సినిమా కుటుంబంలో తండ్రీకొడుకుల తగాదా వీధిన పడింది. ఇద్దరూ పోలీసులకు ఫిర్యాదులిచ్చుకున్నారు. టీవీలు రాత్రింబగళ్ళు చూపించాయి. జనం అయ్యో అన్నారు, నవ్వారు, పక్షాలు కట్టారు. కానీ వాళ్ళ మతంలో తండ్రులు ఇంతేనని ఏ చర్చలోనైనా విన్నామా? అనకూడదు కూడా. ఆ మర్యాద మాకూ ఇవ్వండి అంటున్నాను, అంతే.

సినిమా సంగతే చూడండి. 2002లో 'ఖడ్గం' వచ్చింది. అందులో ఆటో నడిపే అంజద్‌గా ప్రకాష్ రాజ్ గొప్పగా నటించాడు. ఆ ఇంటి కష్టమేమిటి? తమ్ముడు తీవ్రవాదుల్లో కలిశాడు. నాలుగేళ్ళకు 'బొమ్మరిల్లు' వచ్చింది. అదే ప్రకాష్ రాజ్, ఈసారి సిద్ధార్థ్‌కు తండ్రి. ఈ ఇంటి కష్టమేమిటి? కొడుక్కి చొక్కా కూడా తండ్రే ఎంచుతాడు. కొడుకు ఉన్నదంతా కక్కేస్తే థియేటర్లో తండ్రులూ ఏడ్చారు, కొడుకులూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. బయటికొచ్చాక అనిపించింది, మా ఇంట్లో జరిగింది బొమ్మరిల్లు గొడవ కదా, మాకు ఎప్పుడూ ఖడ్గం గొడవే ఎందుకిస్తారని. దేశాన్ని ప్రేమిస్తున్నావా అని తప్ప, నీ కొడుకుతో మాట్లాడుతున్నావా అని అంజద్ భాయ్‌ని ఎవరడిగారు?

ఇలా అంటున్నానని కిటికీ మూసుకోవడమే మంచిదనుకోకండి. మూసిన కిటికీల వెనక దెబ్బలు తిన్న ఆడవాళ్ళు నాకు తెలుసు. ఇజ్జత్ అనే మాటతో వాళ్ళ నోళ్ళు కుట్టేసిన మగవాళ్ళూ తెలుసు. పాతబస్తీలో కవయిత్రి జమీలా నిషాత్ షాహీన్ సంస్థ పెట్టింది అలాంటి ఆడవాళ్ళకోసమే. చెయ్యి లేచిన ఇంట్లో అది ఇంటి గొడవ కాదు, నేరం. అక్కడ తలుపు పగలగొట్టుకుని అయినా బయటికి రావాల్సిందే.

నేను చెప్పేది చెయ్యి లేవని ఇళ్ళ గురించి. మాట విరిగిన ఇళ్ళ గురించి. అక్కడ చూసే మనిషి కాదు, మధ్యలో కూర్చునే మనిషి కావాలి. ఆలుమగలకు చెడితే అటు నుంచి ఒకరిని ఇటు నుంచి ఒకరిని కూర్చోబెట్టమంది ఖురాన్, నిసా సూరాలో. 1984లో వచ్చిన ఫ్యామిలీ కోర్టుల చట్టం కూడా ముందు రాజీకి ప్రయత్నించమనే జడ్జీకి చెప్పింది. మరి తండ్రికీ బిడ్డకీ చెడితే? మా ఇంట్లో ఆ పని ఆపా చేసింది.

ఆపా నాకంటే ఆరేళ్ళు పెద్ద. టోలిచౌకీలో ఉంటుంది. ఏడో తరగతితో చదువాపేశారు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అబ్బా మాట నాకు మోయలేదు, నా మాట అబ్బాకు మోయలేదు. చెప్పు చెప్పు అని నేను బతిమాలినా, "నీ బాత్ నువ్వే చెప్పుకో. నేను పక్కన కూర్చుంటా" అనేది. 2009 రంజాన్‌లో ఇఫ్తార్‌కు పిలిచింది. వెళితే అబ్బా ఉన్నాడు. ఖర్జూరాలు తిన్నాం, నమాజ్ అయింది, ఆపా మా మధ్య చాప మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతూ ఉంది. ఒక్క మాట అనలేదు.

చాలాసేపటికి అబ్బా మెడలోంచి టేపు తీసి, మూడేళ్ళ నా కూతుర్ని దగ్గరికి పిలిచాడు. ఈద్ ఫ్రాక్‌కు కొలతలు. భుజం కొలిచాడు, పొడవు కొలిచాడు. నా వైపు చూడకుండానే అన్నాడు: "ఆ టోపీలు నేనే కుట్టిన. కానీ షూటింగ్ టోపీ గుడ్డతోటి నమాజు టోపీ ఎన్నడూ కుట్టలే. రెండు తాన్లు వేరు పెట్టిన. నీకు తెల్వదు."

తెలియదు. ఇరవై ఏళ్ళు ఆ మిషన్ చప్పుడులో పడుకుని కూడా నాకు తెలియదు. సిగ్గుండాలని నేను రాసిన చేతులు, ఏ గుడ్డకు ఆ గుడ్డ వేరు చేసుకుంటూ వచ్చాయి. "మాఫ్ కరో అబ్బా" అన్నాను. ఆయన మాఫ్ చేశానని అనలేదు. "పిల్లకు బొత్తాలు ఏ రంగువి?" అని అడిగాడు. ఆపా లేచి ఉల్లిగడ్డలు పొయ్యి మీద వేసింది.

అబ్బా 2018లో పోయాడు. తండ్రితో గొడవ తీరింది కాబట్టి నేను నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకోలేదు.

2022లో ఉడుపిలో హిజాబ్ వేసుకున్న ఆడపిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టారు. మార్చిలో కర్ణాటక హైకోర్టు ప్రభుత్వం వైపు తీర్పు చెప్పింది. అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. ఏం కట్టుకోవాలో ఆ పిల్లల ఇష్టమని నేను వ్యాసం రాశాను. అదే ఏడు ఇంటర్ చదువుతున్న నా కూతురు తలకు స్కార్ఫ్ చుట్టడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఎవరూ చుట్టమనలేదు. నా దోస్తులు, మంచివాళ్ళే, నన్ను పక్కకు పిలిచి "ఎవరైనా బలవంతం చేస్తున్నారా?" అని అడిగారు. ఆమెను ఒక్కరూ అడగలేదు.

ఆ డిసెంబరులో ఫిల్మ్ నగర్‌లో ఒక పాటల సభ ఉంటే తానూ వస్తానంది. ఆటోలో పోతుండగా నా నోటి నుంచి వచ్చింది: "ఈ ఒక్కరోజుకి అది తీసేయరాదా, బేటా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "అబ్బూ, ఉడుపి అమ్మాయిల మీద రాసింది మీరేనా?" జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఆటో ఆపించి దిగిపోయింది.

నాలుగు నెలలు. ఒకే ఇంట్లో. అన్నం పెడుతుంది, మాట్లాడదు. ఆరేళ్ళు అబ్బా ఎట్లా బతికాడో అప్పుడు తెలిసింది.

మళ్ళీ ఆపానే వచ్చింది. మళ్ళీ అదే చాప. నేను తెలుగులో మొదలుపెట్టాను, వ్యక్తి స్వేచ్ఛ, ఎంపిక, సందర్భం అని. ఆపా ఆపేసింది. "పేపర్ కీ జబాన్ నక్కో. ఘర్ కీ జబాన్ మే బోల్."

ఇంటి భాషలో వెతికితే నా దగ్గర రెండు మాటలే ఉన్నాయి. "డర్ గయా బేటా." ఆమెను చూసి ఏమనుకుంటారోనని కాదు. ఆమె పక్కన నన్ను చూసి, ఇరవై ఏళ్ళుగా తమవాడనుకున్న నన్ను, ఇప్పుడేమనుకుంటారోనని భయపడ్డాను.

"నాకు రోజూ భయమే అబ్బూ. మెట్రోలో, కాలేజీలో" అంది. "మీ భయానికి నన్ను తీసేయమన్నారు. నా భయం మీరు అడగనే లేదు."

జవాబు చెప్పలేదు. అడిగాను. ఆ రాత్రి ఎప్పటిదాకో చెప్పింది.

అంతా చక్కబడిందని రాయను. ఆ స్కార్ఫ్ నాకు ఇప్పటికీ అంతగా రుచించదు, అది ఆమెకు తెలుసు. నేను జుమ్మా తప్పడం ఆమెకు నచ్చదు, అది నాకు తెలుసు. వాదించుకుంటాం, గట్టిగానే. కిటికీ తెరిచే ఉంటుంది. బయట ఎవరైనా నిలబడి వింటే, లోపల ఒక తండ్రీ ఒక కూతురూ అరుచుకుంటున్నారు. అంతకుమించి వినొద్దు.

ఇది అచ్చుకు పంపేముందు ఆమెకు చదివి వినిపించాను. ఈసారి అడగకుండా రాయదలచుకోలేదు. అంతా విని ఒక్కటే అంది.

"వేసుకోండి అబ్బూ. కానీ చివర్లో నన్ను మంచి పిల్లని చేయకండి. ఇంకా మీ మీద కోపం ఉంది."