హునర్‌కు సనద్ ఎవరిస్తారు?

మూడో తరగతి దాటని మనిషి ఇంజనీరింగ్ కాలేజీ పెట్టించాడు. ఈ మాట మా ఖాందాన్‌లో ఎవరికి చెప్పినా నమ్మరు. "కహానీలు చెప్పొద్దు రా" అంటారు. కహానీ కాదు, హకీకత్. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. ఊరు తమిళ దేశంలో, ఇంట్లో మాట మాత్రం తెలుగు. ఎన్నో తరాల కింద దక్షిణానికి పోయి అక్కడే స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాల్లో ఆయనదొకటి.

ఈ ఎండాకాలమంతా ఆయన నా దిమాగ్‌లో తిరుగుతానే ఉన్నాడు. ఎందుకో చెప్తా. ముందు ఆయన సంగతి వినండి.

బడి మీద దిల్ నిలవలేదు ఆయనకు. మానేసి పొలానికి పోయాడు. ఒకరోజు ఒక తెల్లదొర మోటార్‌సైకిల్ కంటపడింది. అంతే, ఇష్క్ పుట్టింది. కోయంబత్తూరుకు పోయి హోటల్లో సర్వర్‌గా చేరి, పైసా పైసా కూడబెట్టి మోటార్‌సైకిల్ కొన్నాడు. కొని ఊరంతా తిరిగి షాన్ చూపించలేదు. పుర్జా పుర్జా విప్పి, మళ్లీ కూర్చాడు. ఆయన మద్రసా అదే, ఉస్తాద్ ఆ బండే.

మధ్యలో పత్తి కారోబార్‌లోకి దిగాడు. సంపాదించాడు, తర్వాత బొంబాయి పత్తి బజారులో పోగొట్టుకున్నాడు. పత్తి మనిషిని ఎట్ల ఎత్తుతుందో, ఎట్ల పడేస్తుందో మన ఆదోని మార్కెట్ యార్డు చూసినవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఖాళీ జేబుతో వాపస్ వచ్చిన మనిషి 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి నుంచి పళనికి సర్వీసు మొదలుపెట్టాడు. డ్రైవరు కూడా తనే. ఆ ఒక్క బస్సే పెరిగి పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యూఎంఎస్ అంటే ఆ ఇలాఖాలో టైముకు వచ్చే బస్సు అని పేరు.

బస్సుల షెడ్డులో మొదలైన చెయ్యి అక్కడే ఆగలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి కరెంటు మోటారు తయారు చేశాడు. ఈ దేశంలో తయారైన మొదటి మోటారు అదేనని చెప్తారు. డ్రై సెల్ మీద తిరిగే చిన్న మోటారు పెట్టి 'రసంట్' అనే గడ్డం గీసుకునే మిషను చేశాడు. కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, పండ్లరసం తీసే మిషను, దొంగ ఓటు పడని ఓటింగ్ మిషను, ఇట్లా ఫిహరిస్త్ చాలా పొడుగు. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ఎలాన్ చేశాడు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేశాడు. ఖీమత్ 2,000 రూపాయలు. సర్కారు లైసెన్సు ఇవ్వలేదు. కారు ఆగిపోయింది.

నాకు వీటన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇంకొకటి ఉంది. 1944లో ఆయన మోటారు వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడు, 1945లో, మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుమీద కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ నిలబెట్టాడు. ఆ కాలేజీనే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. దానికి ప్రిన్సిపాల్ ఆయనే. నాలుగేళ్ల కోర్సు టైం బర్బాద్, రెండేళ్లు చాలు అన్నాడు. షిఫ్టులు పెట్టి ఒకే రోజులో రెండు కోర్సులు నడపొచ్చు అన్నాడు. అంగ్రేజ్ సర్కారు ఒప్పుకోలేదు. ఆయన కుర్చీ వదిలేశాడు.

చాలామంది దీన్ని ఆయన జిద్ అనుకుంటారు. నాకు అట్ల అనిపించదు. పేదింటి పిల్లోడికి చదువు ఎక్కడ తెగుతుందో ఆయనకు తెలుసు. నాలుగేళ్లు సంపాదన లేకుండా కొడుకును కూర్చోబెట్టే తాఖత్ ఎంతమంది అబ్బాజాన్‌లకు ఉంటుంది?

ఇప్పుడు మన ఇలాఖాకు వస్తా. మా ఊరు గూడూరు. పేరు చెప్పగానే నెల్లూరు వైపు గూడూరా అంటారు. కాదు, కర్నూలు గూడూరు, కోడుమూరు పక్కది. టెన్త్ దాకా నాది ఉర్దూ మీడియం. తర్వాత తెలుగు డిగ్రీ, ఆ తర్వాత పత్రికలో నౌకరీ. నాతోపాటు టాట్ పట్టీ మీద కూర్చున్న దోస్తుల్లో చాలామందికి టెన్త్ దాటగానే గోడ అడ్డం వచ్చింది. పైచదువు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండె. మేము నేర్చింది అలిఫ్ బే. ఒకడు పంక్చర్ షాపు, ఒకడు వెల్డింగు, ఒకడు లారీ షెడ్డు. లోకం వాళ్లను అన్‌పఢ్ అన్నది. బండి ఆగిపోతే మాత్రం ఆ అన్‌పఢ్ కోసమే వెతుక్కుంటా వస్తది.

మా ఛోటే మామూ ఆదోనిలో ఆటో ఎలక్ట్రీషియన్. నలభై ఏళ్ల తజుర్బా. సెల్ఫ్ మోటారు, డైనమో, హారను, వైరింగు, అన్నీ ఆయన చేతికి లొంగినవే. ఆర్మేచర్ కాలిందో లేదో చూడటానికి ఆయన దుకాణంలో గ్రౌలర్ ఉంది. ఆర్మేచర్‌ను దానిమీద పెట్టి, తిప్పుతా, పైన హాక్సా బ్లేడు పట్టుకుంటాడు. లోపల తీగ షార్టయిన చోట బ్లేడు జుయ్యిమని వణుకుతుంది. చిన్నప్పుడు సెలవులకు పోయినప్పుడు నాకు అది జాదూ. రాగితీగలో కరెంటు, దాని చుట్టూ అయస్కాంతం, ఆ రెండిటి పెనుగులాట. నాయుడి షేవింగ్ మిషనులో తిరిగింది కూడా ఇదే ఖాందాన్ మోటారు, సైజు చిన్నది, అంతే.

మామూ చేతిలో ఎప్పుడూ ఉండే ఇంకో ఔజార్ టెస్ట్ లాంపు. ఒక బల్బు, రెండు వైర్లు. ఒక వైరు బాడీకి, ఇంకోటి అనుమానం ఉన్న చోట. బల్బు వెలిగితే కరెంటు వస్తున్నట్టు, లేకుంటే లేనట్టు. నలభై ఏళ్లు ఆ బల్బు ఆయన ఇంటిని నడిపింది.

జమానా మారింది. 1986లో బాష్ కంపెనీ క్యాన్ అనే పద్ధతి బయటపెట్టింది. అంతకుముందు ప్రతి లైటుకు, ప్రతి మీటరుకు తన వైరు తనకుండేది. క్యాన్ వచ్చాక బండిలోని చిన్న చిన్న కంప్యూటర్లు రెండే వైర్ల మీద ఒకదానితో ఒకటి గుఫ్తగూ చేసుకుంటాయి. మన దగ్గర అసలు దెబ్బ 2020 ఏప్రిల్ 1న బీఎస్-6తో తగిలింది. బైకుల్లో కూడా కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. దాని వెనకే సెన్సర్లు, వాటి మీద హుకూమత్ చేసే ఈసీయూ అనే డబ్బా. ఆ డబ్బా వైర్లకు పాత టెస్ట్ లాంపు తగిలిస్తే బల్బు లాగే కరెంటుకు లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. మా మామూకు అదే జరిగింది. ఒక కారు ఈసీయూ పోయింది. బండి యజమానితో బహస్ పెట్టుకోలేదు ఆయన. ఉమ్రా కోసం దాచుకున్న పైసలు తీసి కొత్తది వేయించి ఇచ్చాడు. ఆ తర్వాత కొత్త బండి వస్తే బానెట్ ఎత్తకుండానే "ఇది మన దగ్గర కాదు సాబ్" అని పంపించేస్తున్నాడు. నలభై ఏళ్ల ఉస్తాద్ నోటినుంచి ఆ మాట వినడం తక్లీఫ్‌గా ఉంటది.

ఇట్లాంటి టైంలో మా ఆపా చిన్నకొడుకు ఎమ్మిగనూరులో ఉర్దూ మీడియంలో టెన్త్ పాసయ్యాడు. ఇంట్లో పంచాయితీ. మామూ అన్నాడు, "పఢ్ కో క్యా కర్తా రే? హాత్ మే హునర్ హోనా. నా దగ్గర కూర్చోబెట్టండి." దూల్హాభాయ్ ఒప్పుకోలేదు. "హునర్‌ను చూసి ఎవడు పిల్లనిస్తాడు? సనద్ హోనా" అన్నాడు. ఆపా నావైపు తిరిగింది. "తూ పఢా లిఖా హై, తూ బోల్."

నేను నాయుడి కథ చెప్పాను. మామూ ఖుషీ అయ్యాడు. "దేఖా? మూడో తరగతి!" అన్నాడు. పూర్తిగా వినమన్నాను. చదువు వద్దనుకుంటే ఆ మూడో తరగతి మనిషి బస్సుల పైసలు పెట్టుకుని హాయిగా కూర్చునేవాడు. కాలేజీ ఎందుకు పెడతాడు? ఆయన కొట్లాట చదువుతో కాదు. చదువు షెడ్డుకు దూరంగా, పేదవాడికి అందనంత పొడుగ్గా ఉండటంతో. పాతిక ఏళ్లు బస్సులు నడిపాక ఆయనకు అర్థమైందేమిటంటే, చెయ్యి ఒక్కటే కొంతదూరం తీసుకుపోతది, ఆ తర్వాత కాగితం మీద సర్క్యూట్ చదవడం రావాలి. కాగితం ఒక్కటే ఉన్నవాడికి బ్లేడు ఎందుకు వణికిందో తెలుస్తుంది కానీ, ఏ చోట ఎట్ల పట్టుకోవాలో తెలియదు.

ఉర్దూ మీడియం పిల్లలకు మా కాలంలో లేని రాస్తా ఇప్పుడు ఒకటి ఉంది. మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ వాళ్ల పాలిటెక్నిక్ కడపలో ఉంది. మూడేళ్ల డిప్లొమా, పాఠం ఉర్దూలో. అది కుదరకపోతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు, రెండేళ్లు. నాయుడు అడిగిన రెండేళ్లే. కడపకు దరఖాస్తు పెట్టాం. సీటు వస్తదో రాదో అల్లాకే మాలూం. సీటు వచ్చినా సెలవులన్నీ ఆదోని దుకాణంలోనే అని మామూ షర్తు పెట్టాడు. దూల్హాభాయ్ నసుగుతూనే తల ఊపాడు. మేము తలా కొంత వేసుకుని మామూకు ఒక స్కానరు కొనిచ్చాం. దాని మెనూ అంతా ఇంగ్లీషు. మామూ దాన్ని డబ్బాలోంచి కూడా తీయలేదు.

పోయిన జుమ్మా తర్వాత నేను దుకాణం దగ్గరే ఉన్నాను. స్టార్టు కాని కారు ఒకటి తోసుకుంటా వచ్చారు. మామూ అలవాటుగా పంపించేయబోయాడు. పిల్లోడు స్కానరు తీసి బండికి తగిలించి, తెర మీద వచ్చినదాన్ని కూడబలుక్కుంటా చదివాడు. "పీ-0335. క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్." సెన్సర్ మార్చాలి అన్నాడు.

"ఠైర్ జా," అన్నాడు మామూ. "సర్క్యూట్ అన్నావు కదా. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు బేటా, దాని వైరు కూడా." కిందికి వంగి, చేత్తో తడుముకుంటా పోయి, కనెక్టర్ ఊడదీశాడు. లోపల పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి, తుడిచి, గట్టిగా బిగించాడు. బండి స్టార్టయింది.

ఆ మజూరీలో సగం మామూ పిల్లోడి చేతిలో పెట్టాడు. దూల్హాభాయ్ చూశాడు కానీ, ఏమీ అనలేదు.