రాజీ

మా జేజినాయన జన్మలో ఒక్కరోజు ఉద్యోగం చేసి యెరగడు. అయినా ఆయన పెట్టెలో "రాజీనామా" అని పెద్ద అక్షరాలతో రాసిన స్టాంపు కాగితం వొకటి వుండేది. లేని ఉద్యోగానికి రాజీనామా యెందుకిచ్చాడో చిన్నతనంలో నాకు అంతుబట్టేది కాదు.

తెలుగులో ఎమ్మే చదివి, ఇరవయ్యేళ్లుగా కాలేజీలో పాఠాలు చెబుతూ ఆ కాగితం సంగతే మరిచిపోయాను. మళ్లీ గుర్తు చేసింది వొక చింతచెట్టు. మా నాయన పోయాక అన్నదమ్ములం చేను పంచుకున్నాం గాని, గట్టు మీది చెట్టు యెవరిదో తేలలేదు. మూడేళ్లుగా తమ్ముడికీ నాకూ మాటల్లేవు.

"రాజీ పడితే మీ సొమ్మేం పోయింది?" అంటుంది మా ఆవిడ.

"రాజీ అంటే సగం వోడిపోవడమే" అని నేను.

మొన్న పాత దస్తావేజులు వెతుకుతూంటే జేజినాయన కాగితం బయటపడింది. తీరా చదివితే, ఆయనా వాళ్లన్నా పొలం తగాదా మాని, ఇద్దరమూ సమ్మతించామని రాసుకున్న పత్రం అది! మానుకున్నది ఉద్యోగం కాదు, వ్యాజ్యం.

వెంటనే యెదురింటి ఉర్దూ మేష్టారి దగ్గరికి పోయాను. రాయచోటిలో ఇదొక సుఖం. ఉర్దూ మాటకు అర్థం కావాలంటే వీధి దాటితే చాలు.

"మేము ఇప్పటికీ వొప్పందం కాగితాన్నే రాజీనామా అంటాము సారూ. ఉద్యోగం వదిలితే అది ఇస్తీఫా. మీరే మార్చినారు" అని నవ్వాడాయన.

రాజీ అరబ్బీ మాట. తృప్తి పడినవాడు, మనసారా సమ్మతించినవాడు అని అర్థం. అందులో నడిమి అక్షరం "దాద్". అది తమకే చెల్లిందని అరబ్బులకు గర్వం. తమ భాషను "దాద్ భాష" అని చెప్పుకుంటారు. ఆ అక్షరం పారశీకుల నోట మెత్తబడి, మన దగ్గర "జ"కారమై కూర్చుంది. నామా మాత్రం అచ్చమైన పారశీకం, పత్రమని అర్థం. ఫిరదౌసి షానామాలో వున్నది అదే. ఇంగ్లీషు "విల్లు"కు దాన్నే తగిలించి మనం వీలునామా చేసుకున్నాం. "నీ మర్జీ" అన్నప్పటి మర్జీ, రజా, రజియా అన్న పేర్లూ రాజీకి తోబుట్టువులే.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి అప్పగించాడు. 1820లో కడప కొలువుకు వచ్చిన బ్రౌను దొర, ఇటువంటి కచేరీ మాటల కోసమే 1852లో జిల్లా నిఘంటువు, 1854లో మిశ్రభాషా నిఘంటువు అచ్చు వేయించాడు. రైత్వారీ పద్ధతిలో, ఈ భూమి నా ఇష్టంతోనే వదులుకుంటున్నానని రైతు సర్కారుకు రాసిచ్చేదీ రాజీనామాయే. భూమిని వదిలిన మాటకు కొలువు వదలడం యెంతసేపు?

అంతా విన్నాక మేష్టారు మెల్లగా, "కాగితంలో రాజీ వుంటే చాలదు సారూ. దిల్‌లో వుండాల" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెద్దమనుషుల చేత యెన్ని షరతులు పంపించానో లెక్కలేదు. తమ్ముడి మనసుకు యేది ఇష్టమని మాత్రం వొక్కసారీ అడగలేదు.

తెల్లవారి మా పల్లెకు వెళ్లాను. వాడు ఆ చెట్టు కిందనే వున్నాడు.

"నీకు యేది ఇష్టమో చెప్పురా" అన్నాను.

చాలాసేపు నేల చూపులు చూశాడు. "చెట్టు నువ్వే తీసుకోన్నా. కాయ దులిపే దినం వదిననూ పిల్లోల్లనూ పిల్చుకొని రా, అంతే" అన్నాడు.

"చెట్టు నాకెందుకురా?" అన్నాను. గొంతు పట్టేసింది.

ఆ చెట్టు యెవరిదో ఇప్పటికీ తేలలేదు. కాగితమూ రాసుకోలేదు. చింతపండు మాత్రం రెండిళ్లకూ వచ్చింది.